కంభం చెరువు ఒడ్డున మా చలికాలం

నల్లమల కొండల నుంచి దిగివచ్చే గుండ్లకమ్మకు ఒక ఇరుకైన చోట, రెండు కొండలను కలుపుతూ పూర్వులు కట్ట వేశారు. ఆ ఒక్క కట్టతో ఏర్పడినదే కంభం చెరువు. కట్ట ఎత్తు 57 అడుగులని, నీరు పరచుకొనే మేర సుమారు 15 చదరపు మైళ్ళని వందేళ్ళ క్రితపు బ్రిటిష్ గెజిటీర్ నమోదు చేసింది. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ దీనిని కట్టించిందని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనిని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్ట మీద నిలబడి చూసేవారికి ఆ గుర్తింపు కాస్త ఆలస్యంగా వచ్చిందనిపిస్తుంది.

అదే ఏడాది, అదే గుర్తింపు గిద్దలూరుకు దక్షిణాన ఉన్న పోరుమామిళ్ళ చెరువుకు కూడా లభించింది. 1369 నాటి దాని శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు చెక్కి ఉన్నాయి. వాన నమ్మకం లేని సీమలో మన పెద్దలు నీటిని గురించి ఎంత ఆలోచించారో దానివల్ల తెలుస్తుంది. మతమేదైనా, ఎవరి చేత కట్టించబడినా, వందల ఏళ్ళుగా మనుషులకు, పశువులకు, పక్షులకు దాహం తీరుస్తున్న పని ఇది. దాని ఒడ్డున నమాజు చేసుకొనే మేము కూడా ఆ మేలు అనుభవిస్తున్నవారమే.

మేమిద్దరం ఉపాధ్యాయ వృత్తిలో ఉండి పదవీ విరమణ చేసినవారం. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దించి పిల్లలను పెద్ద చేశాం. ఇప్పుడు మార్కాపురం రాయి ఇళ్ళ గోడలకు, నేలకు పోతోందిగానీ పలక పట్టిన పిల్లవాడు కనబడడం అరుదు. చెరువు వైపున ఉన్న పల్లెలో పాత ఇల్లు బాగుచేయించుకున్నాం. ఏటా అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ ఉంటాం. ఎండలు ముదరకముందే దక్షిణాదికి, బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళతాం. ఈ మధ్యకాలం గురించే ఈ నాలుగు మాటలు.

ఈ చెరువులో నీళ్ళు చేరేది ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు, నవంబరు తుపానులు తీరం మీద విరుచుకుపడితే కోస్తావారు కష్టపడతారు. ఇక్కడ రైతు మాత్రం ఏరు వచ్చిందా అని కట్ట మీదకు వెళ్ళి చూస్తాడు. ఒకరి విపత్తు మరొకరికి పంట కావడం మనసుకు ఇబ్బందిగానే ఉంటుంది. అందుకే మా మస్జిదులో వాన కోసం చేసే దుఆలో, ఎవరికీ హాని చేయని మేలైన వాన కురిపించమని వేడుకుంటారు. చెరువు నిండని ఏళ్ళు కూడా ఎన్నో చూశాం. అప్పుడు నీళ్ళుండవలసిన చోట గొర్రెలు మేస్తాయి.

నిండిన ఏడు చలికాలం వేరు. ఫజ్ర్ నమాజుకు వెళ్ళేటప్పుడు శాలువా కప్పుకోక తప్పదు. వుజూ నీళ్ళు వేళ్ళను కొరుకుతాయి. నమాజు ముగిసిన తరువాత ముగ్గురు నలుగురు పెద్దలం కట్ట వైపు నడుస్తాం. మంచు విడవక ముందు నీరేదో ఆకాశమేదో తెలియదు. జాలర్ల తెప్ప మీద మనిషి ఆకారం ముందు కనబడుతుంది, తెప్ప తరువాత కనబడుతుంది. నీటికాకులు రాళ్ళ మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ ఉంటాయి. ప్రవహించే ఏటి ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయరాదన్న దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధ మాకు బడిలో చెప్పినప్పటి కన్నా ఇక్కడే బాగా అర్థమయింది. ఎదురుగా ఇంత నీరున్నా, చుట్టుపక్కల అనేక గ్రామాలలో బోరు నీరు ఫ్లోరైడుతో తాగడానికి పనికిరాదు. పళ్ళ మీద గారలు, నడివయసుకే వంగిన నడుములు ఈ పశ్చిమ ప్రకాశం ఎరిగిన సంగతులే. శ్రీశైలం నీటిని నల్లమల కింద సొరంగాల గుండా తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు పేరు చెప్పుకుంటూ ఒక తరం ముసలిదయింది.

ఇంటికి వచ్చేసరికి సజ్జరొట్టె సిద్ధంగా ఉంటుంది. రొట్టె ఒకరం తడితే పచ్చడి ఒకరం నూరుతాం. ఉద్యోగ కాలంలో ఇద్దరం రెండు బస్సులు పట్టుకొని రెండు ఊళ్ళకు పరుగెత్తినవారం కనుక, ఈ వయసులో పొయ్యి దగ్గర కలిసి కూర్చోవడం మాకు ఒక భాగ్యంగానే తోస్తుంది. ఎండ వాకిట్లోకి వచ్చాక ఖుర్ఆన్ పారాయణం. జుహర్ తరువాత కొంత కునుకు. మగ్రిబ్ అయ్యాక వీధిలోని పిల్లలు పుస్తకాలు తెచ్చుకుంటారు. మన పిల్లలు, పక్క వీధి హిందువుల పిల్లలు కలిసే కూర్చుంటారు. పెన్షన్ కోసం ఏటా ఇచ్చే జీవన ధ్రువీకరణ పత్రం కూడా ఈ రోజులలోనే ఇచ్చివస్తాం. బతికి ఉన్నామని నిరూపించుకోవడానికి వేలిముద్ర వేస్తాం. చేతిరేఖలు అరిగిన మావంటివారి వేలిని యంత్రం ఒకపట్టాన నమ్మదు.

జనవరి గడిచేసరికి వరికోతలు అయిపోతాయి, కంది ఇంటికి చేరుతుంది. అప్పుడు మస్జిదులో వరుసలు పలచబడతాయి. చెరువు నిండని ఏడు అయితే అంతకు ముందే. కొందరు మిరపకోతలకు గుంటూరు వైపు, కొందరు కట్టడం పనులకు బెంగళూరు, హైదరాబాదులకు వెళతారు. మేము పెన్షన్‌దారులం, సుఖంగా రైలెక్కి వెళతాం. వారు పిల్లలను చంకనేసుకొని వెళతారు. ప్రయాణం ఒకటే దిక్కుకైనా రెండూ ఒకటి కావు.

మా అబ్బాయి ఈ మధ్య ఫోనులో, ‘‘అబ్బా, ఇక ఆ ఇల్లు అమ్మేయండి. అమ్మీకి మోకాళ్ళ నొప్పి, మీకు బీపీ. రాత్రిపూట ఏదైనా అయితే ఎవరున్నారు?’’ అన్నాడు. అతడు తప్పు మాట్లాడలేదు. కంభంలో దొరకని వైద్యానికి మార్కాపురం, అక్కడా కాకపోతే ఒంగోలో కర్నూలో వెళ్ళాలి. తల్లిదండ్రుల పట్ల బాధ్యత ఎరిగిన బిడ్డ అడగవలసిన మాటే అడిగాడు. కానీ ఆ మాటతో మాకు ఒక ధార్మిక ప్రశ్న ఎదురయింది. చిన్నదిగా కనబడే ప్రశ్న.

హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లు లేదా అంతకు మించిన దూరానికి బయలుదేరినవాడు ఊరి పొలిమేర దాటగానే ముసాఫిర్ అవుతాడు. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు అతనికి రెండు రకాతులే. ఫజ్ర్, మగ్రిబ్ మాత్రం యథాతథం. చేరిన చోట పదిహేను రోజులు లేదా అంతకు ఎక్కువ ఉండాలని సంకల్పిస్తే పూర్తి నమాజు చేయాలి. అంతకు తక్కువైతే కుదించాలి. స్వస్థలానికి మాత్రం ఈ లెక్క లేదు. వతనె అస్లీ అనబడే ఆ ఊళ్ళోకి ఒక్క పూటకు వచ్చినా పూర్తి నమాజే. ఇంతవరకు మాకు చిక్కు లేదు. బెంగళూరులో నెలల తరబడి ఉంటాం కనుక అక్కడ పూర్తిగా చేస్తాం. మధ్యలో ఏ పెళ్ళికో రెండు రోజులు కంభం వచ్చినా పూర్తిగానే చేస్తాం. ఇది మా ఊరు.

కాపురం ఎత్తివేసి, తిరిగి రాకూడదని నిశ్చయించుకొని మరో ఊరిని స్వస్థలం చేసుకుంటే మొదటి ఊరికి ఆ హోదా పోతుంది. ఇల్లో పొలమో మాత్రమే మిగిలి ఉంటే పోతుందా పోదా అన్న విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఇల్లు అమ్మి వెళ్ళి, రేపు ఎవరి జనాజాకో వచ్చి రెండు రోజులు ఉండవలసి వస్తే? నలభై ఏళ్ళు నమాజు చేసిన అదే ఊళ్ళో, అదే చాప మీద, విడిగా చేసుకుంటే ముసాఫిర్లుగా జుహర్ రెండు రకాతులే చదువుకోవాలి. ఇమాము గారు ఈ సంగతి ఎంతో సౌమ్యంగా వివరించారు. మేమిద్దరం దారి పొడవునా మాట్లాడుకోలేదు.

ఈ లోకంలో బాటసారిలా మెలగమన్న బోధ మాకు తెలియనిది కాదు. ఏ ఇల్లూ మనది కాదని రోజూ చెప్పుకొనేవారమే. అయినా అల్లాహ్ శాసనమే మనిషికి ఒక ఊరిని ఊరుగా గుర్తించి, అక్కడ అతని నమాజును కుదించకుండా నిలిపింది. ఆ గౌరవాన్ని తేలికగా వదులుకోవడానికి మాకు మనసు ఒప్పలేదు. అబ్బాయికి ఇదే చెప్పాం. కొంతసేపు మౌనంగా ఉండి, ‘‘సరే అబ్బా, రాత్రికి తోడుగా ఎవరినైనా పెట్టుకోండి’’ అన్నాడు. పక్కింటి ఆయన కొడుకు ఇప్పుడు మా వరండాలోనే చదువుకొని పడుకుంటున్నాడు.

ఈ ఏళ్ళలో రమజాన్ చలికాలపు చివరలో వస్తోంది. మనవలు తొలి రోజాలు పాటించే వయసుకు వచ్చారు. దాదీ చేతి సహరీ కావాలని పట్టుబడతారు. అందువల్ల నెలవంకకు ముందే బయలుదేరుతున్నాం. ఏటేటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరిగే ఈ నెల 2030లో జనవరిలో ఒకసారి, మళ్ళీ డిసెంబరు చివరలో ఒకసారి మొదలవుతుంది. అల్లాహ్ ఆయువిస్తే ఆ రెండు రమజాన్లూ ఈ చెరువు ఒడ్డునే. అప్పుడు మనవలు ఇక్కడికి రావాలని ఇప్పటి నుంచే మాట తీసుకున్నాం.

గిద్దలూరు దాటి దిగువమెట్ట, చెలమ మీదుగా నల్లమల అడవిని చీల్చుకొంటూ నంద్యాల చేరే రైలుమార్గం మాది. ఆపైన డోన్, అనంతపురం, ధర్మవరం. ప్రయాణానికి మూడు రోజులే ఉంది. కొత్త బియ్యం డబ్బాలలో ఎండు వేపాకు వేసి మూత బిగించాం. అక్టోబరులో తీస్తాం, ఇన్షా అల్లాహ్. తాళంచెవి పక్కింటి వారికి ఇచ్చాం. నిన్న కట్ట మీద కలిసిన జాలరి, ‘‘నీళ్ళు ఇంత నిండుగా ఉంటే పోతారా సారూ?’’ అన్నాడు. వేసవిలో ఎంత మిగిలిందో అప్పుడప్పుడు ఫోను చేసి చెప్పమన్నాం.