దేవదూతల ఱెక్కలలోని గుండ్లు

ఇంగ్లండు తూర్పుతీరమున సఫోకు మండలమునందు బ్లైబరో యను గ్రామము కలదు. ఊరు చిన్నది, దాని దేవాలయము మిక్కిలి పెద్దది. బురదనేలల నడుమ మెరకమీద నుండుటచే నది దూరమునుండియే కనబడును. 1412వ సంవత్సరమున రాజానుమతి పడసి యచ్చటి మఠమువారు దానిని క్రొత్తగా గట్ట నారంభించిరి.

మేము లోపల నడుగిడి మొదట తలయెత్తి చూచితిమి. కప్పు నడుమ కొయ్యతో జెక్కిన దేవదూతలు ఱెక్కలు చాచి యున్నారు. ఆ కొయ్యలో సీసపు గుండ్లు నాటుకొని యుండెనని మేము పూర్వమే వినియుంటిమి. విగ్రహధ్వంసము చేయించుటకు నియమితుడైన విలియము డౌసింగు 1644 ఏప్రిలు 9వ తేదీన నిచ్చటికి వచ్చి, దేవదూతలను దింపివేయవలెనని యుత్తరువు చేసెను. చేతికందని వానిని అతని మనుష్యులు తుపాకులతో గాల్చిరని లోకులు చెప్పుకొనిరి. సంస్కారమును గోరువారమగుటచే ఆ కథ విన్నప్పుడెల్ల మేము సిగ్గుపడుచుంటిమి. కాని నిజమా యని యెన్నడును విచారింపలేదు.

ఆ గుండ్లు డౌసింగు కాలమువి కావు. పదునెనిమిదవ శతాబ్దమున కప్పులో జేరిన కాకిజాతి పక్షులను గాల్చుటకై మందును గుండ్లును కొనినట్లు దేవాలయపు జమాఖర్చులలో 1761వ సంవత్సరమున వ్రాయబడియున్నది. పక్షులకు గుఱిపెట్టిన గుండ్లు దేవదూతలకు దగిలినవి. నింద సంస్కర్తకు దగిలినది. డౌసింగు నిర్దోషి యని మేము చెప్పుట లేదు. అతని యుత్తరువు అతని దినచర్యలోనే యున్నది. కాని చేసిన తప్పునకు దోడు చేయని తప్పును గూడ మోపుట న్యాయము కాదు.

ఉత్తరపు తలుపుమీది నల్లని మచ్చలకును ఇట్టి కథయే కలదు. 1577 ఆగస్టు 4వ తేదీన గాలివానలో గోపురశిఖరము కూలి కప్పును జీల్చుకొని పడగా, లోపల ప్రార్థించుచున్న వారిలో నొక పురుషుడును నొక బాలుడును మరణించిరి. అది నల్లకుక్క రూపమున వచ్చిన సైతానుపని యనియు, ఆ మచ్చలు దాని గోళ్ల గుర్తులనియు జనులు నమ్మిరి. పిడుగు చేసిన పనికి సైతాను దొరకెను.

నిజమునకు ఈ మందిరమునకు గలిగిన గొప్ప చేటు అశ్రద్ధవలననే. కిటికీలు కొన్ని ఇటుకలతో మూయబడెను, కప్పు కారెను, తుదకు 1881లో నపాయకరమని దీనిని మూసివేసి, మరమ్మతు చేసి 1884లో మరల దెఱచిరి. దూరము చేసిన యీ దోషము ఊరివారిది గావున దానిపై కథ పుట్టలేదు.

మరలి వచ్చునప్పుడు బల్లల కొనలయందలి బొమ్మలను జూచితిమి. ధనపుబెట్టెపై గూర్చున్న లోభి, పడకమీది సోమరి, పొట్ట పెంచిన తిండిపోతు అచ్చట గలరు. పరనింద చేయువాని బొమ్మయు వారితో నున్నది. నమ్మకముందు విచారింపుడని లోకమునకు జెప్పుచు వచ్చిన మేము ఆ బొమ్మయెదుట గొంతసేపు నిలిచితిమి.