చెట్టుదేనా తాతా?

బ్రిటన్‌లో ‘రియల్ ఏల్’ అని ఒక పట్టుదల ఉంది. పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉండాలి, పైనుంచి గ్యాస్ ఎక్కించకూడదు. దీనికోసం 1971లో నలుగురు కుర్రాళ్ళు ఉద్యమమే మొదలుపెట్టారు. దాని గురించి చదువుతుంటే నాకు మెట్టుగూడ వెనక గల్లీలో కల్లు కాంపౌండ్ గుర్తొచ్చింది.

మెట్రో దిగి ఐదు నిమిషాల నడక. రేకుల షెడ్డు, బెంచీలు, ఉడకబెట్టిన గుడాలు. నాకన్నా చిన్నవాళ్ళు ఒక్కరూ లేరు. యూనివర్సిటీ పిల్లలూ, మా ఐటీ జనమూ బార్లకే పోతారు. నిజానికి చెట్టు కల్లు ముందు ఏల్ ఏపాటి! లొట్టిలోనే పులవడం మొదలవుతుంది. పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. దాచిపెట్టి అమ్మడం కుదరదు.

చిక్కంతా అక్కడే. ఇంత నగరానికి సరిపడా తాళ్ళు, ఈతచెట్లు ఏవి? 2004లో ఇక్కడి దుకాణాలు మూయించారు, 2014లో తెరిచారు. దుకాణం తెరిచినంత తేలిగ్గా చెట్టు మొలవదు కదా. లోటు పూడ్చేది క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం. 2015లో కల్తీని అడ్డుకుంటే, నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం ఆ మందు అందక ఆసుపత్రుల పాలయ్యారు.

పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడిగాను, “ఇది చెట్టుదేనా తాతా?”

“చెట్టుదైతే గీ రేటుకిస్తరా బిడ్డా?”

“తెలిసీ ఎందుకు తాగుతున్నరు మరి?”

“నిద్ర పట్టాలె గదా.”

నా సీసాలో సగం మిగిలింది. పారబోస్తవా అని అడిగాడు. ఏం చెప్పాలో తేల్చుకునేలోపే తనవైపు జరుపుకున్నాడు.