అందరి కార్డూ ఒకటే

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మా నలుగురికీ ముందు గుర్తొచ్చింది స్టడీ హాలులోని నల్లబల్ల. నీళ్ళ సాంబారు గురించి, ఆదివారం గుడ్డు గురించి, వార్డెన్ గారి సైకిలు బెల్లు గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఆ నల్లబల్ల గురించి మాత్రం ఎవరూ రాయలేదు. అందుకని ఈసారి అదే రాస్తున్నాం. అయితే దానికోసం కొంచెం దూరం, అమెరికా దాకా, హవాయి దీవుల దాకా వెళ్ళి రావాలి. ఓపిక పట్టండి.

మా కాలంలో నెలలో చివరి ఆదివారం టిఫిన్ అయ్యాక వార్డెన్ గారు తలా ఒక పదిహేను పైసల కార్డు ఇచ్చేవారు. పదో తరగతి అన్నయ్య ఒకడు నల్లబల్ల మీద ఉత్తరం రాసేవాడు. "పూజ్యులైన అమ్మానాన్నలకు మీ కుమారుడు నమస్కరించి వ్రాయునది. నేను ఇక్కడ క్షేమము. మీరు అక్కడ క్షేమమని తలుస్తాను. బాగా చదువుచున్నాను. భోజనము బాగున్నది." అందరం అదే ఎక్కించేవాళ్ళం. మూడో తరగతి పిల్లలకు ఉత్తరం రాయడం రాదు కాబట్టి వార్డెన్ గారు మంచి ఉద్దేశంతోనే ఆ పద్ధతి పెట్టారు. కానీ మేం పదో తరగతికి వచ్చినా అదే రాశాం. గజ్జి పట్టి రాత్రిళ్ళు నిద్ర లేకపోయినా అదే. కంచం పోయి రెండు రోజులు పక్కవాడి కంచంలో తిన్నా అదే. నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని ఏడ్చి వచ్చి రాసినా అదే.

1996లో పదో తరగతి పాసై బయటికి వచ్చాక ఆ కార్డుల సంగతే మరిచిపోయాం. మళ్ళీ గుర్తు చేసింది ఒక అమెరికా కుర్రాడు.

2004లో మేం నలుగురం రాజమండ్రి దానవాయిపేటలో ఒక గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతుండేవాళ్ళం. మేడ మీది వాటాలో ఇద్దరు కుర్రాళ్ళు దిగారు. తెల్ల చొక్కా, టై, నల్ల ప్యాంటు, జేబు మీద నల్లటి పేరు పట్టీ. ఒకడు బెంగుళూరు వాడు, రెండోవాడు అమెరికాలోని యూటా రాష్ట్రం వాడు. పేరు పట్టీ మీద "ఎల్డర్" అని ఉంది. ఎల్డర్ అంటే పెద్ద అని కదా అర్థం, ఇరవై ఏళ్ళు కూడా నిండని వాడు పెద్దేమిటని మేం నవ్వుకున్నాం. వాళ్ళు మోర్మన్ సంఘం మిషనరీలు. ఆ సంఘంలో మిషనరీ కుర్రాళ్ళందరినీ అలాగే పిలుస్తారట.

మా ఇంగ్లీషు అంతంత మాత్రం, అతని తెలుగు అంతకన్నా తక్కువ. అయినా సాయంత్రం కుళాయి దగ్గర మాటలు కలిశాయి. మతం సంగతి మేం పెద్దగా అడగలేదు. వాళ్ళ బతుకు మాత్రం మాకు భలే తెలిసినట్టు అనిపించింది. పొద్దున్న ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. సినిమా లేదు, టీవీ లేదు. ఎక్కడికి వెళ్ళినా ఇద్దరూ కలిసే వెళ్ళాలి, ఒకరిని వదిలి ఒకరు కదలకూడదు. ఏ దేశం పంపుతారో వాళ్ళు కోరుకోవడానికి లేదు, ఉత్తరం వచ్చాకే తెలుస్తుంది. మగపిల్లలకు రెండేళ్ళు, ఆడపిల్లలకు ఏడాదిన్నర. జీతం లేదు సరికదా, ఖర్చు వాళ్ళూ వాళ్ళ ఇంటివాళ్ళే పెట్టుకోవాలి. అప్పట్లో కుర్రాళ్ళకు పంతొమ్మిదేళ్ళు నిండితేనే పంపేవారు. 2012లో ఆ వయసు పద్దెనిమిదికి తగ్గించారు.

"ఇది మా హాస్టలే కదరా!" అన్నాడు మాలో ఒకడు.

మేం ఆశ్చర్యపోయింది ఇంకో సంగతికి. ఇంటికి ఫోన్ ఏడాదికి రెండేసార్లు! క్రిస్మస్‌కు ఒకసారి, మే నెలలో రెండో ఆదివారం వాళ్ళు జరుపుకునే మాతృదినోత్సవానికి ఒకసారి. మిగతా రోజుల్లో వారానికొక ఉత్తరమో ఈమెయిలో, అంతే. వీళ్ళకు సోమవారం ఖాళీ. బట్టలు ఉతుక్కుని, సామాన్లు తెచ్చుకుని నెట్ సెంటర్‌కు వెళ్ళేవారు. మేమూ నోటిఫికేషన్లు చూసుకోవడానికి అక్కడికే పోయేవాళ్ళం. అతను కంప్యూటర్ ముందు కూర్చుని గబగబా టైపు చేసి, చివర్లో కాసేపు ఊరికే తెర వంక చూస్తూ ఉండేవాడు.

ఒకరోజు కరెంటు పోతే మెట్ల మీద కూర్చుని అతనొక కథ చెప్పాడు. కథ కాదు, జరిగినదే. జోసెఫ్ ఎఫ్. స్మిత్ అని వాళ్ళ సంఘంలో ఒక పిల్లవాడు. 1844లో తండ్రిని ఒక గుంపు జైలులో కాల్చి చంపింది. అప్పటికి వాడికి ఐదేళ్ళు. 1852లో తల్లి కూడా పోయింది. బడిలో మాస్టారు చెల్లెలు మార్తా ఆన్‌ను పట్టీతో కొట్టబోతే అడ్డుపడి మాస్టారి మీదే తిరగబడ్డాడు. బడి నుంచి తీసేశారు. 1854లో, పదిహేనేళ్ళ వయసులో, మిషనరీగా హవాయి దీవులకు పంపారు. అప్పటికి హవాయి అమెరికాలో కలవలేదు, వేరే రాజ్యం. పిల్లవాడు దారిలో కాలిఫోర్నియాలో పని చేసి ఓడ చార్జీలు సంపాదించుకుని సెప్టెంబరులో హొనొలులులో దిగాడు. సుమారు వంద రోజుల్లో ఆ భాష నేర్చుకున్నాడు. ఇంట్లో ఎదురుచూసే అమ్మానాన్నలు లేరు. చెల్లెలికే ఉత్తరాలు రాసేవాడు. 1857లో చెల్లెలి పెళ్ళి జరిగేనాటికి అతనింకా ఆ దీవుల్లోనే ఉన్నాడు. జీవితమంతా ఆ అన్నాచెల్లెళ్ళు రాసుకున్న ఉత్తరాల్లో రెండు వందలకు పైగా ఇప్పటికీ ఉన్నాయి.

అక్కడ అతనికి పెద్ద జ్వరం వస్తే ఒక హవాయి స్త్రీ సొంత కొడుకులా చూసి బతికించింది. ఎన్నో ఏళ్ళకు, సంఘానికి అధ్యక్షుడయ్యాక, అతను మళ్ళీ హవాయి వెళ్ళాడు. రేవులో జనం మధ్య చూపు పోయిన ఒక ముసలామె చేతిలో కొన్ని అరటిపళ్ళు పట్టుకుని "ఇయోసెపా, ఇయోసెపా" అని పిలుస్తోందట. జోసెఫ్ అన్న పేరును హవాయి భాషలో అలా అంటారు. ఆయన పరుగున వెళ్ళి ఆమెను కావలించుకున్నాడట.

మేం నలుగురం కాసేపు మాట్లాడలేదు. పదిహేనేళ్ళంటే పదో తరగతి. మాకూ జ్వరాలొచ్చాయి. హాస్టల్ కామాటి ముసలమ్మ రాత్రంతా తడిగుడ్డ వేసి కూర్చున్నది మాకూ తెలుసు. ఆమె ఇప్పుడెక్కడుందో మాలో ఒక్కడికీ తెలియదు.

ఆ ఏడాది మాతృదినోత్సవం మే 9న వచ్చింది. యూటాలో ఆదివారం సాయంత్రమైతే మనకు సోమవారం ఉదయం. ఇంటి మామ్మగారి ఫోన్‌కే కాల్ వస్తుందని చెప్పి ఉంచాడు. ఏడు గంటలకు రావాలి. ఆరున్నరకే స్నానం చేసి, టై కట్టుకుని వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఫోన్‌కు టై ఎందుకు నాయనా అని మామ్మగారు నవ్వారు.

ఫోన్ మోగింది. మొదట అంతా మాకు అర్థమైన ఇంగ్లీషే. బాగున్నాను, బాగుంది, అవునమ్మా. తర్వాత అతను ఆగిపోయాడు. అవతల తల్లి ఏదో అడుగుతోంది. ఇతను గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. మేం లేచి వీధిలోకి వెళ్ళిపోయాం.

సంగతి తర్వాత చెప్పాడు. మార్చిలో అతనికి టైఫాయిడ్ వచ్చింది. బెంగుళూరు కుర్రాడు జావ కాచి పోశాడు, మామ్మగారు బార్లీ నీళ్ళు పంపారు, మేమూ మందులు తెచ్చిపెట్టాం. ఇంటికి మాత్రం రాయలేదు. బెంగపడతారని. కానీ ఆ రెండు సోమవారాల మెయిళ్ళు నాలుగు వాక్యాలకు మించలేదని తల్లి అప్పుడే గమనించిందట. రాసి అడిగితే బాగానే ఉన్నానన్నాడు. ఆమె ఊరుకుంది. నోటితో చెప్పించాలని మే నెల దాకా ఆగింది. ఫోన్‌లో రెండు మాటలు కాగానే, "మార్చిలో ఏమైంది?" అని అడిగిందట.

ఆ రాత్రి మాలో ఒకడు అన్నం సరిగ్గా తినలేదు. ఏమిట్రా అంటే పాత సంగతి ఎత్తాడు. 1993లో, ఏడో తరగతిలో, వాడికి జ్వరం వచ్చి లేవలేకపోతే వాడి కార్డు మాలో ఇంకొకడు రాశాడు. నల్లబల్ల మీదిదే, అక్షరం తేడా లేదు. వారం తిరక్కుండా వాళ్ళమ్మ రెండు బస్సులు మారి వచ్చి హాస్టల్ గేటు దగ్గర నిలబడింది. ఊళ్ళో ఎవరో చెప్పి ఉంటారని మేమంతా అనుకున్నాం. ఎవరు చెప్పారని ఎప్పుడూ అడగలేదు.

వాడు ఇంటికి వెళ్ళి అప్పటికి ఎనిమిది నెలలు. డిగ్రీ చదివిన కొడుకు ఖాళీ చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? ఉద్యోగం వచ్చాకే వెళ్ళాలని పట్టుపట్టి కూర్చున్నాడు. పక్కింటివాళ్ళకు ఫోన్ చేసి, అమ్మను పిలిపించి, బాగున్నాను, చదువుకుంటున్నాను అని పెట్టేసేవాడు. సంక్రాంతికి కూడా పరీక్షలని అబద్ధం చెప్పాడు. మేం ముగ్గురం పండక్కి వెళ్ళి వచ్చాం, వాడు గదిలోనే ఉన్నాడు.

ఆ గురువారం వాడు చెప్పకుండా బస్సెక్కాడు. ఆదివారం తిరిగొచ్చి మాకు చెప్పినది ఇది.

ఉద్యోగం మాట ఆమె ఎత్తనే లేదట. కోడిగుడ్డు కూర వండి పెట్టింది. తిన్నాక వాడే అడిగాడు, ఆ రోజు నాకు జ్వరమని నీకెవరు చెప్పారమ్మా అని. ఆమె ట్రంకు పెట్టె తెరిచి గుడ్డలో చుట్టిన కార్డుల కట్ట తీసింది. నలభైకి పైనే ఉన్నాయి. ఆమెకు అక్షరం రాదు. బడి అయ్యవారు చదివిపెట్టేవారు. మూడో నెల నుంచి ఆయన "కొత్తగా ఏం లేదమ్మా, కిందటి నెలదే" అని ఇచ్చేసేవారట. ఆమె ఇంటికి తెచ్చుకుని దీపం దగ్గర పెట్టి చూసుకునేది.

"ఎవరూ చెప్పలేదురా. అయ్యగారు అంతా క్షేమమే అన్నారు. చూస్తే నీ రాత కాదు. నీ రాత కిందకి జారిపోద్ది. అదేమో తాడు కట్టినట్టు తిన్నగా ఉంది. నా పిల్లోడు చెయ్యి ఎత్తలేకపోతున్నాడని బయలెల్లాను" అంది. ఆ ఒక్క కార్డూ కట్టలో కాకుండా విడిగా దాచి ఉంచింది.

వాడు తల వంచుకుంటే ఇంకో మాట అంది. "ఇప్పుడు ఫోను చేత్తన్నావు. ఫోనుకి రాత ఉండదు కదరా, నేనేం చూసుకోను?"

అప్పుడు వాడు అన్నీ చెప్పాడట. రెండుసార్లు పరీక్ష తప్పినది, గది అద్దె మేం కడుతున్నది, సంక్రాంతికి పరీక్షలు లేనిది. ఆమె విని, "ఈ మాట సంక్రాంతికే చెప్తే పండగనాడు ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం, ఇన్నాళ్ళూ విడివిడిగా ఏడ్చాం" అంది. తర్వాతి ఏడాది వాడికి ఉద్యోగం వచ్చింది. అది వేరే సంగతి, రాకపోయినా ఇంటికి వెళ్ళేవాడే. ఆమె 2016లో పోయింది. కార్డుల కట్ట ఇప్పుడు వాడి బీరువాలో ఉంది. మొన్న నలుగురం కలిసినప్పుడు తీసి చూశాం. నలభై కార్డుల్లోనూ మా హాస్టల్ లేదు. మా బాల్యం లేదు. నల్లబల్లే ఉంది.

అమెరికా కుర్రాడు రెండేళ్ళు పూర్తిచేసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండు మెయిళ్ళు రాస్తాడు. వాళ్ళ సంఘం 2019 ఫిబ్రవరిలో ఆ నియమం మార్చింది. ఇప్పుడు మిషనరీలు ప్రతి వారం ఖాళీ రోజున ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు, వీడియోలో మొహం కూడా చూసుకోవచ్చు. అతని అక్క కొడుకు 2022లో మిషనరీగా వేరే దేశం వెళ్ళాడట. వారం వారం వీడియో కాల్ వచ్చేదట. అయినా అక్క ఒకటే బాధపడేదని రాశాడు. "కుర్రాడు నవ్వుతాడు, బాగున్నానంటాడు, పెట్టేస్తాడు. నేను ఏడాదికి రెండుసార్లు మాట్లాడిన దానికన్నా వీడు యాభైసార్లు మాట్లాడి తక్కువ చెబుతున్నాడు" అని. చదివి మేం నవ్వుకున్నాం. నల్లబల్ల అక్కడికీ వెళ్ళిందన్నమాట!

తమ్ముళ్ళూ, మీ అమ్మానాన్నలు అప్పుచేసో, కూలి మానుకునో ఆదివారం మిమ్మల్ని చూడ్డానికి వస్తారు. మీకూ ఫోన్‌లో మాట్లాడే వీలు ఉంది. మాకు లేని వీలు అది. కానీ మాట్లాడినంత మాత్రాన దగ్గరున్నట్టు కాదని మేం ఇరవై నాలుగేళ్ళు వచ్చాక గాని నేర్చుకోలేదు. కష్టం చెబితే వాళ్ళు బాధపడతారని దాస్తాం. దాచినా వాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. ఏమిటో తెలియక ఇంకా ఎక్కువ బాధపడతారు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు మొదట "బాగున్నాను" అనే వస్తుంది, ఫరవాలేదు, అననివ్వండి. దాని తర్వాత ఒక్కటి, ఆ వారం మీకు మాత్రమే జరిగినది చెప్పండి. లెక్కల్లో తక్కువ వచ్చిన సంగతైనా సరే, చెప్పు తెగిన సంగతైనా సరే, కొత్త స్నేహితుడి సంగతైనా సరే. చెప్పాక, "నువ్వేం తిన్నావమ్మా" అని అడిగి, ఆమె జవాబు చెప్పేదాకా ఆగండి.

మీ అన్నలు నలుగురు,
1996 పదో తరగతి బ్యాచ్