నెలకు 399 మాత్రమే

సందు మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫైబర్ ఇంటర్నెట్ బోర్డు మీద 399 ఎంత పెద్దగా ఉంటుందో, పక్కనున్న చుక్క గుర్తు అంత చిన్నగా ఉంటుంది. ఆ చుక్క విలువ పద్దెనిమిది శాతం జీఎస్టీ. కలిపితే 470 రూపాయల 82 పైసలు. ఇన్‌స్టలేషన్ ఫ్రీగా కావాలంటే చాలాచోట్ల ఆరు నెలల డబ్బు ముందే కట్టాలి. అయినా ఇల్లంతా నెల పొడవునా వాడుకునే వస్తువుకు అదేం ఎక్కువ కాదు. నలుగురు నాలుగు ఫోన్లకు విడివిడిగా పెద్ద రీఛార్జిలు చేయించే ఇంట్లో ఫైబర్ గిట్టుబాటే. నా గొడవంతా ఆ బోర్డు కట్టిన స్తంభంతో.

ఫైబర్ గాజు పోగు. మందం 125 మైక్రాన్లు, అందులో వెలుగు నడిచే దారి తొమ్మిదే. గాజులో కరెంటు పారదు గనుక కరెంటు తీగల కిందే వేలాడదీయొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌కు దొరికిన కిటుకు ఇదే. ఊరూరా రోడ్లు తవ్వే ఖర్చెందుకని కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్ల కేబులు లాగేశారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టీవీ చానెళ్లు, ఫోను! తెలంగాణ వాళ్లు మరో దారి పట్టారు. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం ఎలాగూ కందకాలు తవ్వుతున్నారు కదా, టీ-ఫైబర్‌ను కూడా ఆ వెంటే భూమిలోకి దించారు. రెండూ తెలివైన పనులే. స్తంభం మీది వైరు గాలివానకు తెగుతుంది, భూమిలోది జేసీబీకి తెగుతుంది, అంతే తేడా.

ఊరి నడిమధ్య ఇల్లయితే చిక్కు లేదు. వీధి స్తంభం మీది డబ్బాలోంచి డ్రాప్ వైరు లాగి, గోడకు రెండు మేకులు కొట్టి, పాస్‌వర్డ్ చెప్పి వెళ్లిపోతారు. ఊరవతల కొబ్బరితోటలో ఇల్లు కట్టుకున్నవాడికే తంటా. ఫోన్ చేస్తే “మీ దగ్గర ఫీజిబిలిటీ లేదు సార్” అంటారు. నిజానికి వెలుగుకు ఆ దూరం ఓ లెక్కలోది కాదు. మన ఇళ్లకొచ్చే జీపాన్ పద్ధతిలో ఇరవై కిలోమీటర్ల దాకా, దారిలో ఎక్కడా కరెంటు అక్కర్లేకుండా పోతుంది. వైరూ చవకే. లేనిదల్లా స్తంభం. ఒక్క కనెక్షన్ కోసం కిలోమీటరు పొడవునా స్తంభాలు ఏ కంపెనీ పాతదు. మనమే పాతిస్తామంటే మధ్యలో చేలవాళ్లు ఒప్పుకోవాలి. వాళ్లు ఒప్పుకున్నా, ఆ ఖర్చుతో ఏళ్ల తరబడి మొబైల్ డేటా వేయించుకోవచ్చు. నన్నడిగితే ఒంటరి ఇంటికి సొంత డబ్బుతో ఫైబర్ దండగ. ఫైవ్‌జీ అందితే డాబా మీద ఎయిర్‌ఫైబర్ డబ్బా పెట్టించుకోవడం మేలు. అదే తోటల్లో నాలుగిళ్లవాళ్లు కలిసి అడిగితే కేబులాయనే లెక్క వేసుకుని, నిచ్చెన పట్టుకుని వస్తాడు.

“మాకొక్కళ్లకే సొంత లైను కావాలి” అనేవాళ్లకు లీజ్డ్ లైన్ ఉంది. ఇళ్ల లైనులో ఒక్క పోగు మీద సెకనుకు రెండున్నర గిగాబిట్లు తెచ్చి ముప్ఫై రెండిళ్లకో, అరవై నాలుగిళ్లకో పంచుతారు. లీజ్డ్ లైన్‌లో పంపకాలుండవు, అప్‌లోడూ డౌన్‌లోడూ సమానం. బిల్లు వేలల్లోకి వెళ్తుంది. ఆసుపత్రులకు, బ్యాంకులకు అవసరమే గానీ, సీరియల్ చూసుకునే ఇంటికెందుకు?

వైరు తెగిన రోజున అసలు రంగు బయటపడుతుంది. ఎండుగడ్డి ఎత్తుగా వేసుకుని ట్రాక్టరు వీధిలోకి వచ్చిందంటే చాలు. కోతులున్న ఊళ్లో ట్రాక్టరు కూడా అక్కర్లేదు. మోడెం మీద ఎర్ర లైటు పడుతుంది. పాత కేబుల్ టీవీ వైరయితే కుర్రాడు పైతొడుగు గీకి, మెలేసి, టేపు చుట్టేసేవాడు. గాజు మెలిపెడితే విరుగుతుంది. రెండు కొసలూ నున్నగా కోసి, ఎదురెదురుగా నిలిపి, మెషీనులో కరిగించి అతకాలి. ఆ స్ప్లైసింగ్ మెషీను అందరి దగ్గరా ఉండదు. ఉన్నతను ఆ పూట పక్క మండలంలో ఉంటాడు. 2020లో ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఊళ్లకు తిరిగొచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు అతని కోసం ఎదురుచూసినంతగా పెళ్లిచూపుల వాళ్ల కోసం కూడా చూసి ఉండరు. ఇక వేసవిలో వైరు బాగున్నా కరెంటు పోతే నెట్ పోతుంది. గాజుకు అక్కర్లేకపోయినా మోడెంకు కరెంటు కావాలి కదా. ఇన్వర్టర్ లేనివాళ్లు పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

అందుకని, కొత్తగా పెట్టించుకునేవాళ్లు ప్లాన్ ఎంతని తర్వాత అడగండి. మీ వీధి స్తంభం మీద ఇప్పటికే ఎవరి వైరుందో, పోయినసారి తెగితే ఎన్నాళ్లకు అతికారో పక్కింటివాళ్లను ముందు కనుక్కోండి. వీలుంటే ఒక్క నెలకే కట్టి చూసి, తర్వాతే ఆరు నెలల డబ్బు కట్టండి.