పైపులకో అంతస్తు, ప్రయోగాలకు వెలుతురు

అమెరికాలో శాండియేగో నగరంలోని లా హోయాలో, పసిఫిక్ ఒడ్డున ఎత్తైన చోట ఉంది సాల్క్ ఇన్‌స్టిట్యూట్. పోలియో టీకా తెచ్చిన జోనస్ సాల్క్ 1960లో స్థాపించిన పరిశోధన సంస్థ ఇది. లూయీ కాన్ గీసిన భవనాలు 1965కి పూర్తయ్యాయి. వచ్చినవాళ్లంతా రెండు భవనాల నడుమ రాతి ముంగిట్లో, సముద్రం వైపు సాగే సన్నటి నీటి కాలువ దగ్గర ఆగిపోతారు. నేను వెళ్లింది మాత్రం ల్యాబుల్లోకి పగటి వెలుతురు ఎలా దిగుతోందో చూడడానికి.

ఎత్తు మీద నిబంధనలు ఉండడంతో కింది అంతస్తుల్ని నేలలోకి దించాల్సి వచ్చింది. ఇంకెక్కడైనా అవి చీకటి సెల్లార్లయ్యేవి. కాన్ ఒక్కో భవనానికి రెండు పక్కలా 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పున లోతైన ఖాళీలు వదిలించారు. వంగి చూస్తే అట్టడుగు అంతస్తు అద్దాల మీద కూడా ఆకాశం కనిపిస్తుంది.

అసలు కిటుకు పైకప్పు మీద ఉంది. ల్యాబు అన్నాక గ్యాస్ లైన్లు, నీళ్ల పైపులు, కరెంటు తీగలు, ఘాటైన ఆవిర్లను బయటికి లాగే డక్టులు తప్పవు. అవన్నీ గోడల్ని ఆక్రమిస్తే కిటికీకి చోటేదీ? ఇక్కడ ప్రతి ల్యాబు మీదా వాటికే ఒక పూర్తి అంతస్తు ఇచ్చేశారు. బరువంతా కాంక్రీటు ట్రస్సులు మోస్తాయి కాబట్టి 65 అడుగుల వెడల్పు, 245 అడుగుల పొడవున్న హాల్లో మధ్యలో ఒక్క స్తంభమూ లేదు. రిపేరు పని పైన జరుగుతుంటే కింద ప్రయోగం ఆగదు. గోడలు అద్దాలకు మిగిలాయి. డక్టుల దారి ఖాయమయ్యాక కిటికీల గురించి ఆలోచిస్తే లాభం లేదని ఈ భవనం చూశాక గట్టిగా అనిపించింది.

ఎండ మితిమీరినా చిక్కే. కాన్ అంతకుముందు ఫిలడెల్ఫియాలో కట్టిన రిచర్డ్స్ వైద్య పరిశోధన భవనంలో ఎండ తట్టుకోలేక శాస్త్రవేత్తలు అద్దాలకు అల్యూమినియం రేకు అంటించుకున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. కణాలకు పట్టించే, మైక్రోస్కోపు కింద మెరిసే రంగులు వెలుతురు తగిలేకొద్దీ వెలిసిపోతాయి.

సాల్క్‌లో చదువుకోవడానికి, రాసుకోవడానికి వేరే 36 గదులున్నాయి. వాటి గోడలు సముద్రం వైపు ఏటవాలుగా తిరిగి ఉంటాయి. కిటికీలు టేకువి, అద్దాన్నీ చెక్క రెక్కల తలుపునీ పక్కకు జరిపి, ఎంత వెలుతురు కావాలో లోపల కూర్చున్న మనిషే చూసుకోవచ్చు. దశాబ్దాల సముద్రపు గాలికి, బూజుకు ఆ టేకు నల్లబడింది. గెట్టీ సంరక్షణ సంస్థతో కలిసి 2017 నాటికి 203 కిటికీ అమరికల్ని బాగుచేశారు. పాత చెక్కలో మూడింట రెండు వంతులకు పైగా అలాగే ఉంచారు. అంతా పీకేసి కొత్త ఫ్రేములు బిగించడం కంటే ఇది ఎంతో ఓపిక కోరే పని. ఆ ఓపిక పట్టినందుకు వాళ్లను మెచ్చుకోవాలి.