కాలికి గుచ్చుకున్న కారు

పొద్దున్నే కాఫీ కప్పుతో వస్తుంటే మావాడి బొమ్మ కారు కాలికింద పడింది. ప్రాణం పోయినంత పనైంది!

తిడదామనుకుంటూనే చేతిలోకి తీసుకున్నా.
బానెట్ లేదు. ఇంజను బయటికే కనిపిస్తోంది. 1932 ఫోర్డ్ హాట్ రాడ్, అంటే వేగం కోసం మార్చేసిన పాత కారు!

ఒకప్పుడు కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులు చవగ్గా కొని, బరువు తగ్గాలని మడ్‌గార్డులు పీకేసి, ఎండిన సరస్సుల మీద పందేలు పెట్టుకునేవారు. పెద్దవాళ్లకి, పోలీసులకి ఒకటే తలనొప్పి.
1948లో వాళ్లకోసం 'హాట్ రాడ్' పత్రికే వచ్చేసింది.
1973లో 'అమెరికన్ గ్రాఫిటీ' సినిమాలో పసుప్పచ్చ ఫోర్డ్ హీరోలతో సమానమైపోయింది.

వేగం కోసం రేకులు పీకేయడమే చివరికి అందమైపోయింది.
నిన్నటి అల్లరి, ఇవాళ మావాడి ఆటబొమ్మ.

బండి సైలెన్సర్ మార్చి నాన్నతో తిట్లు తిన్నవాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ? 😄