పెళ్లికి డ్రోన్ తెస్తానన్నాడు

మీ ఇంట్లోనూ అమెరికాలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదండీ. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. మాఘమాసంలో మా పెద్దమ్మాయి పెళ్లి. "అక్కా, డ్రోన్ పట్టుకొస్తా, మండపం పైనుంచి వీడియో తీస్తా" అని ఫోన్ చేశాడు. మేనమామ ముచ్చట, ఎవరు కాదంటారు చెప్పండి?

కానీ విదేశీ డ్రోన్ల దిగుమతిని మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 9న నిషేధించింది. పరిశోధనకో, రక్షణ అవసరాలకో అయితే తప్ప లేదు. పెళ్లికని వచ్చినవాడు కస్టమ్స్ వాళ్ల ముందు నిలబడటం నాకిష్టం లేదు. "డ్రోన్ లేకపోయినా పెళ్లవుతుందిరా, పిల్లని బుట్టలో తీసుకొచ్చేది నువ్వేగా" అన్నాను. రెండ్రోజులు అలిగాడు.

చివరికి మా మరిదిగారబ్బాయి, ఇక్కడ తయారైన డ్రోన్ బెంగుళూరు నుంచి విమానంలో విశాఖకి తెస్తానన్నాడు. దానికీ పద్ధతుంది. విడి బ్యాటరీలు పెద్ద సూట్‌కేసులో వెయ్యకూడదు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఎందుకంటారా? లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషులున్న చోటయితే వెంటనే ఆర్పుతారు. కింద సామాన్ల గదిలో చూసేదెవరు? ఒక్కోదాని కొసలకి టేపు అతికించి విడివిడి కవర్లలో పెట్టాలి. బ్యాటరీ మీద వాట్ అవర్లు చూడండి. లేకపోతే వోల్టుల్ని మిల్లీ ఆంపియర్ అవర్లతో హెచ్చవేసి 1000తో భాగించండి. 7.4 వోల్టులు, 2500 అయితే 18.5. వంద లోపు పర్వాలేదు. వంద దాటితే 160 దాకా విమానం కంపెనీ అనుమతి కావాలి, అవీ రెండే. డ్రోన్‌ని ఏ సంచిలో పెట్టాలో కంపెనీని బట్టి మారుతుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోమన్నాను.

తమ్ముడిప్పుడు చాక్లెట్లు తెస్తానంటున్నాడు.